సూసినవా, ఇన్నవా?

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సులు ఆగే చోట సీతాఫలాలమ్మే ఆవిడ నాకు ఆ కబురు చెప్పింది.

"పేష్కారు సారు పోయిండంటమ్మా."

"ఎప్పుడు?"

"మొన్న. కాదు, అటుమొన్న. బేస్తారమో, శుక్రారమో."

"నువ్వు చూశావా?"

"నేనేడ సూస్త? ఇన్న."

"ఎవరు చెప్పగా విన్నావు?"

ఆవిడ తక్కెడ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "సూసినా ఇన్నా పోయినాయన పోయినట్టే గదమ్మా. నువ్వేంది, పోలీసోళ్ళ లెక్క అడుగుతున్నవ్? పండ్లు గావాల్నా, వొద్దా?"

ఆవిడ తప్పేమీ లేదు. చావు కబురు విన్నవాళ్ళెవరైనా 'అయ్యో' అంటారు. నేను సాక్ష్యం అడిగాను. ఈ రోగం నాకు అంటించింది ఆ పోయినాయనే.

పేష్కారంటే కోర్టులో జడ్జి పక్కన కూర్చుని కాగితాలు అందించి, సాక్షులు చెప్పింది రాసుకునే ఉద్యోగి. ఆయన ఆ పని ఉర్దూలో చేశారు. రాష్ట్రం మారింది, కోర్టు భాష మారింది, ఆయన చదువు ఎందుకూ కొరగాకుండా పోయింది. యాభై దాటిన వయసులో ఒక గ్రామరు పుస్తకం ముందేసుకుని ఇంగ్లీషు తనకు తానే నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, ఉప్పల్ పాత ఊళ్ళో తన ఇంటి అరుగు మీద మాకు నేర్పారు.

మేమంటే మెట్రిక్ ఇంగ్లీషులో తప్పినవాళ్ళం. నాచారం, పీర్జాదిగూడ, ఉప్పల్ చుట్టుపక్కల ఆ రోజుల్లో ఇంగ్లీషు తప్పడం జలుబు చేయడం లాంటిది, ఎవరూ పెద్దగా సిగ్గుపడేవారు కాదు. మా నాన్న మాత్రం పడ్డారు. ఆయన బందరు నుంచి వచ్చి రైల్వేలో హెడ్ క్లర్కుగా స్థిరపడిన మనిషి. తన ఇంగ్లీషు చూసి దొరలు టోపీలు తీసేవారని చెప్పుకునేవారు. అలాంటివారి కూతురు తప్పింది. మొదట ఆయనే చెబుతానని కూర్చున్నారు. వారం తిరగకుండా నా నోరు, ఆయన కోపం ఒకే గదిలో పట్టవని తేలిపోయింది. ఇక చుట్టుపక్కల మిగిలింది పేష్కారొక్కరే.

మొదటిరోజు నాన్నే సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. జూన్ ఎండ. సైకిలు గోడకి చేరేసి, అరుగు ఎక్కకుండానే మాట్లాడారు.

"ఉర్దూ చదివినవారు ఇంగ్లీషెలా చెబుతారో నాకు తెలీదు పేష్కారు గారూ. సెప్టెంబరులో పాసయితే దీన్ని కాలేజీకి పంపిస్తాను. అదెలాగూ జరిగే పని కాదు."

ఆ చివరి మాట ఆయనకి ధీమా. నాకు దాని ముందు మాట చాలు. నగరంలో ఆడపిల్లల కాలేజీ ఉంది. నాచారం నుంచి రెండు బస్సులు మారాలి. ఆ రెండు బస్సులూ నేను మనసులో ఎన్నిసార్లు ఎక్కి దిగానో. పేష్కారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయనెప్పుడూ కళ్ళు మూసుకునే వినేవారు. కళ్ళు తెరిచి ఉంటే మనిషి కనిపిస్తాడు, మాట వినపడదు అనేవారు. నాన్న జేబురుమాలుతో సైకిలు సీటు దులుపుకుని వెళ్ళిపోయారు.

"ఇంగ్లీషుల ఒక మాట జెప్పు బిడ్డా," అన్నారు ఆయన.

నేను పుస్తకంలో బట్టీ పట్టింది అప్పజెప్పాను. గంట మోగినప్పుడు పిల్లలు బయటికి పరిగెత్తారు. వెన్ ది బెల్ ర్యాంగ్.

"ఏ గంట?"

"బడి గంటండీ."

"ఎవలు గొట్టిన్రు?"

"నాకేం తెలుసు? పుస్తకంలో ఉంది."

"గంట నువ్వు ఇన్లే. పోరలు ఉరికింది నువ్వు సూడలే. మరి ముందు ఏదయింది, ఎనక ఏదయింది నీకెట్ల దెలుసు?"

"గంట కొట్టాకే కదండీ పరిగెడతారు!"

"మా కోర్టుల గంట గొట్టకముందే ఉరికేటోళ్ళు. జడ్జిసాబు సుత." కళ్ళు తెరిచారు. "గా మాట కొట్టెయ్. మీ ఇంట్ల ఏమయిందో జెప్పు."

ఇదీ ఆయన పద్ధతి. మనం చూసిన సంగతైతేనే వాక్యం దిద్దుతారు. రాముడు, రావణుడు, తాజ్‌మహలు, ఢిల్లీలో మేనమామ, పెరట్లో గులాబీలు ఏవీ పనికిరావు. మేం సాక్షులం, అరుగు బోను. ముందేది, ఎనకేది? నువ్వు పోయినప్పుడు ఆయన ఉన్నడా, అప్పటికే పోయిండా? సూసినవా, ఇన్నవా? ఈ ప్రశ్నలతో ఆయన వెన్, వైల్, బిఫోర్, అన్‌టిల్ అన్నిటినీ మా గొంతులోంచి లాగేవారు. క్రియలకి ఆయన పేర్లు ఉర్దూవి. జరిగిపోయింది మాజీ, జరుగుతున్నది హాల్, జరగబోయేది ముస్తక్‌బిల్. ఒకటి జరిగేసరికే ఇంకోటి జరిగిపోయి ఉంటే ఆ వెనకటిది మాజీ బయీద్, దూరపు గతం. బొగ్గుముక్కతో అరుగు ఈ చివర నుంచి ఆ చివరకి గీత గీసి, దాని మీద మమ్మల్ని నిలబెట్టేవారు. నువ్వు రైలు ఎళ్ళిపోవుడు, నువ్వు టేషనుకు ఒచ్చుడు. నేను పొడుగని నన్నెప్పుడూ మాజీ బయీద్‌లో నిలబెట్టేవారు, దూరాన ఉన్నా కనిపిస్తానని.

ఆ గీత ఉర్దూ రాతలా కుడి నుంచి ఎడమకి నడిచేది. గతం కుడి చేతివైపు, రాబోయేది ఎడమవైపు. లోకమంతా దాన్ని అటునుంచి ఇటు గీస్తుందని కాలేజీలో అడుగు పెట్టేదాకా నాకు తెలియదు. మా లెక్చరరమ్మ నల్లబల్ల మీద గీస్తే నేను లేచి తిరగేసి గీశారన్నాను. ఆవిడ నన్ను కూర్చోమంది. కూర్చున్నాను. కూర్చున్నంత మాత్రాన గతం ఎడమవైపుకి రాలేదు. ఇప్పటికీ నాకది కుడివైపే ఉంది.

ఆయనకి ఒక షేర్వానీ ఉండేది, పై గుండీ లేనిది. ఎంత ఎండలోనైనా పాఠం చెప్పేటప్పుడు వేసుకునేవారు. తప్పు వాక్యం వింటే కోప్పడేవారు కాదు. ఆ గుండీ ఉండాల్సిన చోట వేలు పెట్టి తడుముకునేవారు. పీర్జాదిగూడ నుంచి వచ్చే ఒక రైతుబిడ్డ, మా నాయనమ్మ రాకముందే మేము బెల్లం దాచేశాం అంటే, "మేము అంటే ఎవలెవలు?" అని అడిగారు. ఆ పిల్ల తన చిన్నమ్మ పేరు దాకా చెప్పింది. ఆయన క్రియ దిద్ది, బెల్లం సంగతి వదిలేశారు. ఏ ఇంటి సంగతి విన్నా ఆయన ముఖంలో ఏమీ మారేది కాదు. కోర్టులో ఇంతకంటే ఘోరాలు రాసిన చెయ్యి అది.

ఇంగ్లీషు కాబట్టి వీధిలో ఎవరికీ అర్థం కాదని మా ధైర్యం. ఆ ధైర్యంతోనే నేనొకరోజు, మా నాన్న తింటున్నంతసేపూ మా అమ్మ నిలబడే ఉంటుంది అని చెప్పాను.

"రోజూనా?"

"రోజూ."

"పండుగ దినం?"

"పండగ రోజు ఇంకా ఎక్కువసేపు. వంటకాలు ఎక్కువ కదా."

"కూసోమంటే కూసోదా?"

"కూర్చోమని ఎవరూ అనలేదండీ."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. ఆయన భార్య వంటింట్లోనే ఉండేది, అరుగు మీదకి వచ్చేది కాదు. నేను చెప్పిన వాక్యాన్ని ఆయన తెలుగులో ఒకసారి పైకి అనుకున్నారు. ఆ తరువాత, "రోజు అయ్యేదే అయితే హాల్. దిద్దేటందుకేం లేదు," అన్నారు. కాసేపటికి గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలయింది.

సిన్స్ పాఠం రోజు మేమందరం వాకిట్లో కట్టేసి ఉన్న బర్రె మీద పడ్డాం. మాలో ప్రతివాళ్ళకీ కళ్ళారా కనిపిస్తున్న నిజం అదొక్కటే. 'బఫెలో హాజ్ నాట్ గివెన్ మిల్క్ సిన్స్ ఉగాది' అని నేను చెప్పాను. ఆ ఇంట్లో అప్పటికి రెండు నెలలుగా నల్ల చాయే తాగుతున్నారని నాకు తెలుసు. అయినా ఆయన లోపలికి తిరిగి సాక్షిని పిలిచారు.

"ఏమేవ్, బర్రె ఉగాది కాంచి పాలిస్తలేదట. నిజమేనా?"

"నిజమే. దాన్ని తిట్టెటందుకు ఇంగ్లీషు గూడ గావాల్నా? తెలుగుల నేను తిడుతున్నది సాల్తలేదా?"

సెప్టెంబరులో పరీక్ష రాశాను. విమాన ప్రయాణం గురించి వ్యాసం రాయమన్నారు. మిగతావాళ్ళు మేఘాల్లోంచి వెళ్ళి మద్రాసులో దిగారు. నేను పేష్కారు శిష్యురాలిని. నేను విమానం ఎక్కలేదు, మా వీధిలో ఎవరూ ఎక్కలేదు, ఎక్కాలంటే ముందు నాచారం దాటాలి, నాచారం దాటాలంటే ముందు మా నాన్న ఒప్పుకోవాలి అని పేజీ నిండా నిజాలు రాసి వచ్చాను. పాసయ్యాను. ఆ పేపరు దిద్దినాయన కూడా విమానం ఎక్కి ఉండడు.

ఆ ఏడాది కాలేజీ గడువు ఎలాగూ దాటిపోయింది. మళ్ళీ జూన్ వచ్చింది. నేను కాలేజీ మాట ఎత్తాను.

"కాలేజీ ఏమిటి? టైపు నేర్చుకో," అన్నారు నాన్న.

"పాసయితే పంపిస్తానన్నారుగా."

"నేనా? ఎప్పుడన్నాను? ఎవరితో అన్నాను?"

అంతే. నేను అరిచాను, అన్నం మానేశాను, మళ్ళీ తిన్నాను, మళ్ళీ అరిచాను. వీధిలో ఎవరితోనైనా గెలిచే నా నోరు మా ఇంట్లో ఎన్నడూ చెల్లలేదు. అమ్మ నిలబడి వింది. చివరికి నడుచుకుంటూ ఉప్పల్ వెళ్ళి పేష్కారు ముందు కూర్చుని ఏడ్చాను. నా ఏడుపు అయ్యేదాకా ఆయన కళ్ళు మూసుకుని, అయ్యాక తెరిచారు.

"మీరూ విన్నారుగా మాస్టారూ! వచ్చి చెప్పండి."

"నేను ఇన్న. కాని నేను నీ దిక్కు మనిషిని బిడ్డా, నా గవాహీ, నా సాక్ష్యం నడ్వదు. నువ్వు జెప్పినా నడ్వదు. అన్నాయన నోట్లెంచే రావాలె."

"ఆయన అనలేదంటున్నారు కదా!"

"అనలేదంటే అనలేదనే అననీ. అన్నది అడగొద్దు. అనకముందు ఏమయింది, అన్నంక ఏమయింది అడగాలె. నడిమిట్ల మాట యాడికి పోతది?"

ఆదివారం పొద్దున షేర్వానీ వేసుకుని, నెత్తిన నల్ల టోపీ పెట్టుకుని ఉప్పల్ నుంచి నడిచి వచ్చారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. నాన్న కుర్చీ వేశారు.

"రైల్వే సార్, బిడ్డను కాలేజీకి పంపుత అని అంటిరట గదా?"

"అనలేదండీ. పిల్ల పొరబడింది."

"సరే, ఇడ్సిపెట్టుర్రి." ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. ఇంతేనా, ఇందుకా ఇంత దూరం నడిచింది?

"పోయినేడు మా ఇంటికొచ్చిన దినం ఎండ ఎట్లుండె సార్?"

"మండిపోయింది. జ్ఞాపకం లేకేం."

మా నాన్నకి తన జ్ఞాపకశక్తి మీద చాలా గౌరవం. ఆఫీసులో ఏ కాగితం ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పగలరని పేరు.

"సైకిలు మీదనే వస్తిరి?"

"సైకిలే. మీ గోడకి చేరేశాను."

"సీటు దులుపుకున్నది ఒచ్చినంకనా, పొయ్యేటప్పుడా?"

"వెళ్ళేటప్పుడు. ఎర్రమట్టి పడింది."

"మజ్జిగ తాగినంకనా, తాగకముందా?"

"తాగాకే! తాగకుండా ఎలా వెళతాను? ఉప్పు కాస్త ఎక్కువయింది కూడా. అడిగారు కాబట్టి చెబుతున్నాను."

"ఉప్పెక్కువాయెనా?"

"ఎక్కువే. పోనీలెండి, ఆప్యాయంగా ఇచ్చారు."

ఆ మాటతో తలుపు వెనక నాకూ కళ్ళ ముందు మెరిసింది. ఇత్తడి లోటా, పైన తేలుతున్న కరివేపాకు రెబ్బ, గుమ్మంలోంచి చాచిన గాజుల చెయ్యి.

"మరి మజ్జిగ ఎందుకిచ్చిరి సార్? ఒచ్చినోళ్ళందరికి ఇస్తరా?"

"ఎందుకేమిటి, నేను పిల్లని కాలేజీకి పంపిస్తాననేసరికి మీరు సంతోషపడి..."

అక్కడ ఆగారు. నోరు మూసుకున్నా మాట బయట ఉండిపోయింది. పేష్కారు గెలిచినట్టు చూడలేదు. గుండీ లేని చోట వేలు కూడా పెట్టలేదు, అంటే వాక్యంలో తప్పు లేదన్నమాట.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది. నాన్న ఎదురుగా అమ్మ కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

"కాలేజీ ఎప్పుడు తెరుస్తారే?" అంది నాతో, నాన్నని చూస్తూ.

పేష్కారు టోపీ పెట్టుకుని లేచారు. "అంతే సార్. ఇంకేం లేదు," అని వెళ్ళిపోయారు.

నేను కాలేజీకి వెళ్ళాను. రెండు బస్సులు మారి వెళ్ళాను. ఈ కథ ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. పెళ్ళిచూపుల్లో మా ఆయనకి చెప్పాను, భయపడకుండా పెళ్ళాడారు. నా పిల్లలకి చెప్పాను. చెప్పినప్పుడల్లా లోటా ఇంకాస్త మెరిసేది, కరివేపాకు ఇంకాస్త పచ్చగా ఉండేది. మా నాన్నయితే పోయేదాకా పేష్కారు మాట వస్తే, "మంచివాడే, ఆ ఇంట్లో మజ్జిగే ఉప్పుకషాయం," అనేవారు.

సీతాఫలాలావిడ చెప్పింది నిజమే. కర్మకాండలన్నీ అయ్యాక ఉప్పల్ వెళ్ళాను. అరుగు కూలిపోలేదు, బొగ్గు గీత మాత్రం లేదు. ఆయన భార్య అరుగు మీదే కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆవిడని అరుగు మీద చూడడం నాకు కొత్త.

"ఎలా పోయారు పెద్దమ్మా?" అన్నాను.

"నేను పొయ్యిల కట్టె పెడుతున్న. ఆయన గీ మంచం మీద పేపరు సదువుకుంట, చాయ్ అయిందా అన్నడు. అయితున్నది అన్న. నేను చాయ్ తెచ్చేవరకు పోయిండు. పేపరు చేతులనే ఉంది."

ముందేదో వెనకేదో ఏదీ తారుమారు కాలేదు. ఇన్నేళ్ళూ వంటింట్లోంచి పాఠం మాకంటే శ్రద్ధగా విన్నది ఈవిడే అనుకున్నాను. ఏదైనా ఓదార్పు మాట చెప్పాలి కదా, నాకు అవి చేతకావు. తెలిసినది చెప్పాను.

"ఆ రోజు మీరు మా నాన్నకి మజ్జిగ ఇవ్వకపోతే నేను కాలేజీ గుమ్మం ఎక్కేదాన్ని కాదు పెద్దమ్మా."

"ఏ మజ్జిగ?"

చెప్పాను. లోటాతో సహా, గాజుల చెయ్యితో సహా. ఆవిడ చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది.

"మజ్జిగ యాడిది బిడ్డా? మీ నాయిన అరుగు గూడ ఎక్కలే. ఆ యేడు బర్రె వట్టిపోలేదా? ఉగాది కాంచి దసర దాంక సుక్క పాలు లేవు. నువ్వే గద ఇంగ్లీషుల దాన్ని తిట్టింది!"

నేనే. ఆ అరుగు మీద, ఆ నెలలోనే, నా నోటితో చెప్పి ఆయన చేత ఒప్పు అనిపించుకున్న వాక్యం. అదే నోటితో ఇరవై ఏళ్ళుగా అదే ఇంట్లో లోటా నిండా మజ్జిగ పోస్తున్నాను. ఉప్పుతో, కరివేపాకుతో.

నాకు చిర్రెత్తింది. "అయితే ఆయన అబద్ధం ఆడారన్నమాట! మమ్మల్ని ఒక్క గులాబీ పువ్వు కూడా పుట్టించనివ్వని మనిషి!"

"ఏం అబద్ధమాడిండు?" ఆవిడ కొంగు బిగించుకుంది. "మజ్జిగ ఇచ్చినం అన్నడా?"

"అనలేదు."

"మరేమన్నడు?"

"తాగాకా, తాగకముందా అని అడిగారు."

"అడిగిండు గద. అడిగేదాన్ల అబద్ధం యాడుంటది? తాగిన అన్నది మీ నాయిన. ఉప్పేసింది సుత మీ నాయిననే."

నేను కుడివైపుకి, నా గతం ఉండే వైపుకి చూశాను. కూలిన కొట్టం, పచ్చని చెట్టు, ఖాళీ మంచం. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి, స్టీలు గ్లాసులో మజ్జిగతో వచ్చింది.

"ఇప్పుడున్న బర్రె ఇస్తున్నది. తాగు. మల్ల ఇయ్యలే అనేవు."

తాగాను. ఉప్పు వేయలేదు. ఇది నేను చూసింది, విన్నది కాదు.